గుంటూరు వంటింట్లో గోజి బెర్రీ: చారు నుంచి రోటిపచ్చడి దాకా

గోజి బెర్రీల పొట్లం తెచ్చుకున్న చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. కళ్లకి మంచిదనో, ఒంటికి మంచిదనో ఎవరో చెబితే తెప్పిస్తారు. మొదటిరోజు నాలుగు నోట్లో వేసుకుని, "ఇదేంటి, కిస్మిస్ అంత తియ్యగా కూడా లేదు" అని మూతి ముడుస్తారు. ఆ తర్వాత పొట్లం జీడిపప్పు డబ్బా వెనక్కి చేరి మళ్లీ బయటికి రాదు. నాకు ఆ పండంటే చాలా ఇష్టం. అందుకే గట్టిగా చెబుతున్నాను: దాన్ని డ్రైఫ్రూట్స్ అరలోంచి తీసి పోపులపెట్టె పక్కన పెట్టండి. గోజి మన మిరపకీ, టమాటాకీ, వంకాయకీ చుట్టం. అన్నీ ఒకే కుటుంబం మొక్కలు. మిరపా టమాటా అమెరికా ఖండం నుంచి వచ్చాయి, గోజి చైనాది. ఎక్కడ పుట్టినా రక్తసంబంధం నాలుక మీద తెలిసిపోతుంది. కిస్మిస్ అనుకుని తింటే నిరాశే. టమాటా చుట్టం అనుకుని వండితే మన చారులో, పచ్చడిలో చక్కగా కుదురుకుంటుంది.

మాది గుంటూరు, బ్రాడీపేట. మా వారికి మిర్చియార్డులో కమీషన్ కొట్టు ఉంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా మామయ్యగారు శాంపిల్ కాయలు ఇంటికి తెచ్చి, పళ్లెంలో పోసి, కాయని ఎలా చూడాలో చెప్పేవారు. రంగు, తొడిమ, నెమ్ము, వాసన, ఈ వరుసలో చూడమనేవారు. గోజి కొనేటప్పుడు నేను చూసేదీ ఆ నాలుగే.

కొనేటప్పుడు

గుంటూరులో పెద్ద డ్రైఫ్రూట్ షాపుల్లో దొరుకుతాయి. విజయవాడ వెళితే బీసెంట్ రోడ్డు వైపు చూసుకోండి. ఆన్‌లైన్‌లో ఎలాగూ ఉంటాయి. మనకొచ్చే సరుకులో ఎక్కువ భాగం చైనాదే. అక్కడ నింగ్‌షియా అనే ప్రాంతం దీనికి పేరు. ఎల్లో రివర్ నీళ్లు పారే ఎండుప్రాంతం అది. పండు చాలా మెత్తన, చేత్తో గట్టిగా పట్టుకుంటే చితికిపోతుంది. అందుకే చెట్టు మీంచి చేత్తోనే కోసి, ఆలస్యం చేయకుండా ఆరబెడతారు. మన దాకా తాజా పండు రాకపోవడానికి కారణం అదే.

ముందు రంగు. మంచి గోజి ఎరుపు కొంచెం మందంగా, ఇటుక వైపు మొగ్గుతూ ఉంటుంది. కాయ కాయకీ తేడా కూడా ఉంటుంది. పొట్లంలో కాయలన్నీ ఒకే రకంగా కుంకుమ పూసినట్టు మెరుస్తుంటే అనుమానించండి. తర్వాత తొడిమ ఊడినచోట చూడండి. చాలా కాయలకి అక్కడ చిన్న తెల్లటి చుక్క ఉంటుంది. రంగు కలిపిన సరుకులో ఆ చుక్క కూడా ఎర్రబడిపోతుంది. ఇంటికి తెచ్చాక పది కాయలు గ్లాసుడు నీళ్లలో వేయండి. నీళ్లు మెల్లగా లేత పసుపు, నారింజ రంగులోకి తిరగాలి. వేసీవేయగానే ఎర్రటి నీళ్లు దిగితే ఆ పొట్లం వండొద్దు.

నెమ్ము చూడాలంటే గుప్పెడు కాయలు పట్టుకుని నొక్కి వదలండి. విడిపోవాలి. ముద్దగా అంటుకుని అలాగే ఉండిపోతే తేమ పట్టిందని అర్థం. ఇక వాసన. పొట్లం విప్పగానే తియ్యటి, కాస్త ఆకు పసరు లాంటి వాసన రావాలి. ముక్కులో గుచ్చుకునే పుల్లటి ఘాటు వస్తే, రంగు నిలవడానికి గంధకం పొగ పట్టించి ఉండొచ్చు. నల్లబడినవీ, పాలిపోయినవీ మిర్చిలో తాలు ఏరినట్టు ఏరేయండి. నాలుగు చెడ్డ కాయలు చారు మొత్తాన్నీ చేదు చేస్తాయి.

రుచి తెలుసుకోవడం

వండేముందు ఒక్క పది నిమిషాలు దీనికి కేటాయించండి. ఈ పని చేసినవాళ్లకి మిగతా వంటలు నేను చెప్పక్కర్లేదు.

ఒక ఎండుకాయ నోట్లో వేసుకుని నమలకుండా కాసేపు ఉంచండి. పైతోలు మొదట ఏ రుచీ ఇవ్వదు. మెత్తబడ్డాక సన్నటి తీపి తగులుతుంది. ఇప్పుడు మెల్లగా కొరకండి. తీపి వెనకాలే చిన్న పులుపు, ఆ వెంటనే ఎండబెట్టిన టమాటా ముక్కలో ఉండే ఉప్పగా, కమ్మగా అనిపించే రుచి వస్తాయి. చాలామంది దాటిపోయేది ఈ మూడో రుచినే. తీపి కోసం ఎదురుచూసే నాలుక దాన్ని పట్టించుకోదు. చివర్లో పళ్లకింద చిన్నచిన్న గింజలు తగులుతాయి. మిరప గింజల్లాగే చదునుగా ఉంటాయి, ఇంకా చిన్నవి. వాటిని నలిపితే కాస్త చేదు, నాలుక చివర వగరు.

ఇప్పుడు ఇంకో కాయ మీద ఒక్క ఉప్పురవ్వ వేసి తినండి. తీపి పెరిగినట్టు, చేదు తగ్గినట్టు ఉంటుంది, టమాటా రుచి ముందుకొస్తుంది. అదే కాయని పంచదారతో తింటే తీపికి తీపి, చేదుకి చేదు విడివిడిగా ఉండిపోతాయి. నేను దీన్ని స్వీట్లలో కంటే ఉప్పూ పులుపూ కారం ఉన్న వంటల్లో ఎక్కువ వాడటానికి కారణం ఇదే.

మూడోది నానబెట్టిన కాయ. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచితే ఉబ్బి, తోలు పలచబడి, నోట్లో పెట్టగానే చితికిపోతుంది. తీపి సగం నీళ్లలోకి దిగిపోతుంది, పులుపు తెలుస్తుంది. ఆ నీళ్లు కూడా ఒక గుక్క తాగి చూడండి. పారబోయడానికి మనసొప్పదు. పారబోయొద్దు కూడా, చారులోకి పోతాయి. పైపైన దుమ్ము ఉంటుంది కాబట్టి నానబెట్టేముందే ఒకసారి గబగబా కడిగేయండి.

చైనావాళ్లు దీన్ని వాడే తీరు చూస్తే నా మాట ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ ఇది కోడి సూపుల్లో అల్లంతో కలిసి పడుతుంది, బియ్యం గంజిలో పడుతుంది, ఆవిరి మీద ఉడికించే చేపల మీదా గుడ్ల మీదా పడుతుంది. దక్షిణ చైనాలో దీని ఆకుని కూడా కూరాకులా సూపులో వేసుకుంటారు. మనం కామంచి ఆకు వండుకోమూ? అది కూడా ఈ కుటుంబమే.

ఇక్కడ గమనించాల్సింది, చాలా వంటల్లో వాళ్లు గోజిని చివర్లోనే వేస్తారు. అలా చేసేవాళ్లు గంటసేపు కోడితోపాటు మరగనివ్వరు. ఎక్కువ ఉడికితే తోలు విడిపోయి, గుజ్జు చారులో కలిసిపోయి, గింజా తోలూ మాత్రం మిగులుతాయి. తీపి పోయి పులుపూ చేదూ నిలబడతాయి. పొయ్యి కట్టేసేముందు రెండు మూడు నిమిషాలు చాలు. పోపులో మాత్రం ఎప్పుడూ వేయకండి. దీనిలో చక్కెర ఎక్కువ, కాగిన నూనెలో ఎండుమిర్చి కంటే ముందే మాడుతుంది.

గోజి మిరియాల చారు

నలుగురికి సరిపడా చెబుతాను. రెండు పెద్ద చెంచాల గోజి కడిగి, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. మామూలుగా నిమ్మకాయంత చింతపండు వేసేవాళ్లు దాంట్లో సగమే తీసుకోండి, ఎందుకంటే గోజి కూడా కాస్త పులుపు తెస్తుంది. టమాటా ఒకటి వేయండి, మానకండి. టమాటా రసం అడుగున ఉంటేనే గోజి రుచి దాని మీద ఎక్కి కూర్చుంటుంది.

మిరియాలు ఒక చెంచా, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి ఐదారు రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. కందిపప్పు అక్కర్లేదు. పప్పు వేస్తే చారు చిక్కబడి గోజి అడుగున పడిపోతుంది. చింతపండు రసం, చిదిమిన టమాటా, నాలుగు గ్లాసుల నీళ్లు, పసుపు, ఉప్పు, కరివేపాకు వేసి మరగనివ్వండి. పచ్చివాసన పోయాక దంచిన మిరియాల ముద్ద వేయండి. నురగ పైకి లేస్తుంటే మంట తగ్గించి, అప్పుడు గోజిని నానబెట్టిన నీళ్లతో సహా పోయండి. తెర్లనివ్వకుండా రెండు నిమిషాలు ఉంచి, కొత్తిమీర వేసి, దించి మూత పెట్టండి.

పోపు విడిగా నేతిలో పెట్టండి. నెయ్యి రుచికే కాదు. గోజికి ఆ ఎరుపూ నారింజా ఇచ్చే పదార్థాల్లో ముఖ్యమైనది జియాజాంథిన్. కంటిలో రెటీనా మధ్యభాగంలో ఉండే పసుపు రంగు పదార్థాల్లో అది ఒకటి. దానికి కొవ్వులో కరిగే గుణం ఉంది, కాస్త నెయ్యో పాలో తోడుంటే ఒంటికి బాగా పడుతుంది. ఎండు గోజి ఉత్తగా నమలడం కంటే నేతి పోపు పెట్టిన చారులో తినడమే మేలని నేననేది అందుకే.

చారు వడ్డించేటప్పుడు గరిటె అడుగు దాకా పోనివ్వండి. ఉబ్బిన కాయలు అడుగున ఉంటాయి. అన్నంలో కలుపుకున్నప్పుడు ముద్దకి ఒకటి రెండు తగలాలి. మిరియం ఘాటు గొంతులో ఉండగా గోజి చితికి తీపి వస్తుంది. దగ్గూ జలుబూ ఉన్నప్పుడు మా ఇంట్లో ఈ చారే అడుగుతారు.

గోజి రోటిపచ్చడి

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇది. గుంటూరు వాళ్లం కాబట్టి కారానికి భయపడం. ఇక్కడ కారం రుచి కోసమే కాదు, గోజి తీపిని పైకి తేవడానికి కూడా కావాలి.

పావు కప్పు గోజి పది నిమిషాలు నానబెట్టి, నీళ్లు మెల్లగా పిండి పక్కన పెట్టండి. నూనెలో ఒక చెంచా మినపప్పు, అర చెంచా ఆవాలు, ఎనిమిది ఎండుమిర్చి వేయించండి. కాయ సన్నం రకమైతే ఎనిమిది, తేజ అయితే ఐదు చాలు. మెంతులు మామూలు పచ్చడికి వేసే దాంట్లో సగమే వేయండి, నాలుగు గింజలు చాలు. గోజి గింజలో చేదు ముందే ఉంది, మెంతులు కూడా తోడైతే పచ్చడి మందులా అయిపోతుంది. చివర్లో జీలకర్ర వేసి దించేయండి.

రోట్లో మొదట వేయించినవన్నీ, ఉప్పుతో కలిపి మెత్తగా నూరండి. తర్వాత చిన్న రెబ్బ చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు. అవి కలిశాక, అన్నిటికంటే ఆఖరున గోజి. దీన్ని నూరొద్దు. పొత్రంతో నాలుగైదుసార్లు నొక్కండి, అంతే. కాయ చితికి గుజ్జు కారంలో కలవాలి, గింజ మాత్రం నలగకూడదు. మిక్సీలో చేసేవాళ్లు గోజి వేశాక ఒక్కసారి తిప్పి ఆపేయండి. అంతకంటే తిప్పితే గింజ పొడై చేదు దిగుతుంది, రంగు కూడా వెలిసిపోతుంది. మా వంటింట్లో చిన్న రోలు ఉంది కాబట్టి నేను మిక్సీ జోలికి పోను. పచ్చడి గట్టిగా ఉంటే నానబెట్టిన నీళ్లు రెండు చెంచాలు పోసి కలపండి.

వేడన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకుంటే మొదట కారం, తర్వాత పులుపు, మింగేటప్పుడు తీపి వస్తాయి. దోసెలోకి కూడా బాగుంటుంది. నూనెలో మగ్గించిన పచ్చడి కాదు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులకి మించి ఉంచకండి. గోంగూర పచ్చడి చేసినప్పుడు కూడా పైన ఒక చెంచా నానిన గోజి కలిపి చూడండి. గోంగూర పులుపు పదును తగ్గుతుంది. అయితే ఎక్కువ వేస్తే గోంగూరకే అన్యాయం చేసినట్టు, గుంటూరులో ఆ పని ఎవరూ క్షమించరు.

ఇంకొన్ని, క్లుప్తంగా

దద్దోజనంలో దానిమ్మ గింజలు వేసుకునే అలవాటున్నవాళ్లు వాటి బదులు నానిన గోజి వేయొచ్చు. పెరుగు పులవకుండా ఉండాలి, అల్లం, పచ్చిమిర్చి పోపు ఉండాలి. ఎండాకాలం మధ్యాహ్నానికి హాయిగా ఉంటుంది.

పెసరపప్పు, బియ్యం కలిపి జావలా మెత్తగా ఉడికించి, మిరియాలు, ఉప్పు, నెయ్యి వేసి, దించేముందు చెంచాడు గోజి కలిపితే చైనావాళ్ల గంజికి మన పద్ధతి అవుతుంది. పిల్లలకి పెట్టేటప్పుడు ఎండుకాయలు ఇవ్వకుండా బాగా నానబెట్టినవే వేయండి.

నాటుకోడి చారులో వేస్తే చాలా బాగుంటుంది. మసాలా దట్టించిన నాటుకోడి పులుసులో మాత్రం వేయకండి. ధనియాలూ లవంగాలూ ఘాటుగా ఉన్నచోట గోజి ఏ మూలన ఉందో కూడా తెలియదు. చేపల పులుసుకీ అదే మాట. పులిహోరలో వేయడం నాకు ఇష్టం లేదు, చింతపండు గుజ్జు దీన్ని మింగేస్తుంది.

తీపి చేయాలనే ఉంటే సేమియా పాయసంలో, పొయ్యి కట్టేసి కాస్త చల్లారాక వేయండి. యాలకులు తగ్గించండి.

చేమంతి పూలూ గోజీ కలిపి వేడినీళ్లలో వేసుకుని తాగడం చైనాలో మామూలు. ఆ టీ చేసుకోవాలనుకుంటే తాగడానికని అమ్మే ఎండుచేమంతే కొనుక్కోండి. పూలమార్కెట్లో మాలలకి వచ్చే చేమంతి వాడకండి. వాటి మీద మందు కొట్టి ఉంటారు. పూలు నాలుగు, గోజి ఒక చెంచా, మరిగి దించిన నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టాలి. తాగాక అడుగున ఉన్న కాయలు తినేయాలి.

నల్ల గోజి అని కూడా అమ్ముతున్నారు. అదీ ఈ జాతిదే, రకం వేరు. నేరేడుకీ నల్లద్రాక్షకీ ఉండే రంగు పదార్థమే దానికీ ఉంటుంది, నీళ్లలో వేస్తే ఊదా రంగు వస్తుంది, నిమ్మరసం పిండితే గులాబీ వైపు తిరుగుతుంది. తీపి తక్కువ. పైన చెప్పిన వంటలకి అది పనికిరాదు, ఎర్రదే వాడండి.

ఎవరికి పెట్టకూడదు

మా అత్తయ్యగారు గుండెకోసం రక్తం పలచబడే మందు, వార్ఫరిన్ వాడతారు. గోజి తీసుకున్నప్పుడు ఆ మందు ప్రభావం పెరిగిన కేసులు వైద్యపత్రికల్లో నమోదై ఉన్నాయి. రక్తం మరీ పలచబడితే ప్రమాదం. అందుకని ఆవిడకి విడిగా గిన్నెలో చారు తీశాకే మిగతాదాంట్లో గోజి పోస్తాను. "నాకెందుకమ్మాయ్ వద్దంటున్నావు, పండేగా" అని మొదట్లో అడిగేవారు. పండే, కానీ ఆ మందుతో కలవదు. షుగరుకీ బీపీకీ మందులు వాడేవాళ్లూ, గర్భిణులూ డాక్టరుని అడిగాకే మొదలుపెట్టండి. టమాటా, వంకాయ పడనివాళ్లకి ఇది కూడా పడకపోవచ్చు, మొదట రెండు కాయలతో చూడండి. మిగతావాళ్లకి రోజుకి ఒకటి రెండు చెంచాలు చాలు. ఎక్కువ తింటే ఎక్కువ మేలు జరిగే సరుకు కాదు ఇది, అన్ని రోగాలకీ మందు అంతకన్నా కాదు.

దాచుకోవడం

మార్చి దాటితే మన ఊళ్లో ఎండ సంగతి తెలిసిందే. మిర్చి బస్తాలు కోల్డ్ స్టోరేజీకి పోయే రోజులు అవి. గోజికీ అంతే, వేసవిలో బయట ఉంచకండి. రంగు ముదిరి గోధుమ వన్నెలోకి తిరుగుతుంది, తీపి పాకం వాసన వస్తుంది, కాయలు ఒకదానికొకటి అంటుకుంటాయి. గాజుసీసాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా పెట్టకండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాని వెంటనే మూత తీయకండి, చల్లటి కాయల మీద గాలిలో తేమ పడుతుంది. కాసేపు బయట ఉంచి, చల్లదనం పోయాక తీయండి. వానాకాలంలో ఇది ఇంకా ముఖ్యం. కొనేటప్పుడే వందా, రెండు వందల గ్రాములకి మించి కొనకండి. బూజు వాసన వస్తే ఏరి వాడుకుందామని చూడకుండా మొత్తం పారేయండి. కాయలు అంటుకుని గట్టిపడినా వాసన బాగానే ఉంటే భయం లేదు. గోరువెచ్చని నీళ్లలో వేస్తే విడిపోతాయి, చారులోకి నిక్షేపంగా పనికొస్తాయి.